వకీలు రాసుకునే నోట్సు ఎవరి కోసం?

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, మొదటి రోజు మీరు చెప్పిందంతా మీ లాయరు గారు రాసుకున్నారో లేదో కనుక్కోండి అని ఒక మాట అన్నాను. ఆ మాట మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కక్షిదారులు రాశారు, లాయర్లు రాశారు, ఒక గుమాస్తా గారు కూడా రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: లాయరు గారూ, నేను ఎన్‌రోల్ అయ్యి రెండేళ్ళయింది. క్లయింటు వచ్చినప్పుడల్లా మా సీనియర్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టి ప్రతిదీ రాయమంటారు, సాయంత్రం ఆ కాగితం చూసి తేదీ వేయకపోతే వెనక్కి ఇచ్చేస్తారు. ఇదంతా ఎథిక్స్ బాబూ అంటారు. నాకేమో ఇది రాతకోతల పనిలా అనిపిస్తోంది. సెల్‌ఫోన్లో రికార్డింగ్ పెట్టేస్తే సరిపోదా? అసలు నోట్సుకీ ఎథిక్స్‌కీ సంబంధం ఏమిటి?
– జూనియర్ న్యాయవాది, రాజమహేంద్రవరం

జవాబు: బాబూ, అలాంటి సీనియర్ దొరకడం మీ అదృష్టం, ముందు ఆ మాట చెప్పనివ్వండి.

ఎథిక్స్ అనగానే లా కాలేజీలో చదివి, పరీక్ష రాసి వదిలేసిన పేపరే చాలామందికి గుర్తొస్తుంది. 1961 అడ్వకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన ప్రవర్తనా నియమాలను ఇంకోసారి తీసి, ఈసారి రోజూ ఆఫీసులో కూర్చునే మనిషిగా చదవండి. క్లయింటు నమ్మి చెప్పింది బయటపెట్టకూడదు. ఒకసారి ఒక పక్షానికి సలహా ఇచ్చాక అదే వ్యవహారంలో ఎదుటి పక్షం తరఫున నిలబడకూడదు. అవతలివాళ్ళతో మనకు చుట్టరికం గానీ లావాదేవీ గానీ ఉంటే దాచకుండా చెప్పాలి. క్లయింటు, లేదా ఆయన అధికారం ఇచ్చిన మనిషి, ఈ ఇద్దరు తప్ప ఇంకెవరి మాట మీదా నడవకూడదు. తీసుకున్న డబ్బుకు తేదీలతో సహా లెక్క ఉండాలి. కేసు మధ్యలో వదిలేయాలంటే తగిన కారణం ఉండాలి, ముందుగా నోటీసివ్వాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగిచ్చేయాలి. వీటిలో ఏ ఒక్కదాన్నయినా జ్ఞాపకశక్తిని నమ్ముకుని నిలబెట్టుకోగలమా చెప్పండి.

ఒక్క రెండోదే తీసుకోండి. మూడేళ్ళ కిందట ఎవరో వచ్చి పావుగంట కూర్చుని, అన్నదమ్ముల మధ్య స్థలం గొడవ గురించి దావా వేస్తే నిలుస్తుందా అని అడిగి, ఆలోచించుకుని వస్తానని చెప్పి మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఆయన తమ్ముడు వచ్చి వకాల్తా తీసుకోమంటున్నాడు. దావా వేసే విషయమై సలహా ఇచ్చినప్పుడే నియమం మనకు అంటుకుంది, వకాల్తా వేశామా, ఫీజు తీసుకున్నామా అన్నదాంతో పనిలేదు. ఆ పావుగంటను మీరు రాసి పెట్టుకోకపోతే, రేపు కోర్టు హాల్లో ఆ పెద్దాయన మిమ్మల్ని చూసి "ఈయనకే గదండీ నా గుట్టంతా చెప్పుకున్నది" అనే దాకా మీకు తెలియదు. అందుకని ఆఫీసు గడప తొక్కిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఎదుటి పక్షం పేరు, విషయం ఒక్క ముక్కలో, తేదీ, ఇంతమాత్రం ఉండే పుస్తకం ఒకటి పెట్టండి. కొత్త కేసు ఒప్పుకునే ముందు ఆ పుస్తకం తిరగేయండి.

ఇక క్లయింటు ఎదురుగా కూర్చున్నప్పుడు రాసే నోట్సు. ఎలా ఉండాలో చెప్పడం కంటే ఒకటి రాసి చూపిస్తాను, చెక్కు కేసు అనుకుందాం.

"12.6.2025, సాయంత్రం 6.30, ఆఫీసు. వచ్చినవారు: క్లయింటు, వెంట ఆయన బావమరిది. ఆయన చెప్పింది: ఎరువుల బాకీ కింద చెక్కు, రూ.4,50,000. బ్యాంకు రిటర్న్ మెమో చేతికి వచ్చింది 2.6.2025న. చూపించినవి: చెక్కు, మెమో, రెండూ అసలువే, ఖాతా పుస్తకం జిరాక్సు రెండు పేజీలు. చెక్కు తీసుకున్నాక ఏమైనా ముట్టిందా అని అడిగాను, లేదన్నారు, బావమరిది వైపు చూశారు. నేను చెప్పింది: నోటీసు పంపడానికి ఆఖరి రోజు 2.7.2025, ఖాతా పుస్తకం అసలుది తేవాలి, రాజీకి దారి ఉంటే అదీ చూద్దాం. తీసుకున్నది: నోటీసు ఖర్చుకు రూ.1,000, రసీదిచ్చాను. అసలు కాగితాలు ఆయన దగ్గరే. నాకు అనిపించింది: కొంత బాకీ ముట్టి ఉండొచ్చు. ఒంటరిగా వచ్చినప్పుడు మళ్ళీ అడగాలి."

అర పేజీ కూడా లేదు. కానీ ఇందులో ఎన్ని బాధ్యతలు తీరాయో చూడండి. ఆయన చెప్పింది, నేను చెప్పింది, నాకు అనిపించింది, మూడూ విడివిడిగా ఉన్నాయి. ఈ మూడూ కలిపి రాస్తే ఆరు నెలల తర్వాత మన అనుమానమే క్లయింటు చెప్పిన నిజంలా కనిపిస్తుంది, దాన్నే తీసుకెళ్ళి అఫిడవిట్లో పెడతాం. ఆఖరి తేదీ రాసి ఉంది. చెక్కు వాపసు వచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు వెళ్ళాలి. ఆ తర్వాత ఫిర్యాదు వేయడంలో ఆలస్యమైతే తగిన కారణం చూపిస్తే కోర్టు మన్నించే వీలుంది గానీ, నోటీసు గడువు దాటితే మన్నించే వీలు చట్టంలో లేదు. చెక్కు చెల్లుబాటు కాలం మిగిలి ఉంటే మళ్ళీ బ్యాంకులో వేసుకోవచ్చు, లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. బావమరిది కూర్చున్నాడన్నది కూడా ఊరికే రాసింది కాదు. పక్కన మనిషి ఉంటే క్లయింటు కొన్ని మాటలు మింగేస్తాడు, అందుకే మళ్ళీ విడిగా అడగాలని రాసుకున్నది. బాకీలో కొంత ముట్టాక, ఆ సంగతి చెక్కు మీద రాసి ఎండార్స్ చేయకుండా మొత్తం సొమ్ముకు చెక్కు వేస్తే చెక్కు కేసులు వేసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు నిలవదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కాబట్టి ఆ చివరి వాక్యాన్ని రాసుకోకుండా వదిలేస్తే కేసే పోవచ్చు. అంతకంటే ఘోరం, తెలియకుండానే కోర్టు ముందు అబద్ధం పెట్టినవాళ్ళం కావచ్చు.

రికార్డింగ్ సంగతి. క్లయింటు ఒప్పుకుంటే, అవసరమైతే చేయండి, తప్పని నేను అనను. కానీ ఎదురుగా ఫోన్ పెట్టి ఎర్రలైటు వెలిగితే మనవాళ్ళు నోరు తెరవరు, తెరిచినా కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు మాట్లాడతారు. పైగా గంటసేపటి ఆడియోను మళ్ళీ ఎవరు వింటారు? రాస్తుంటేనే సందు కనిపిస్తుంది, ఈ తేదీకీ ఆ తేదీకీ పొంతన లేదే అని అడగాలనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఈ మధ్య మాటల్ని అక్షరాల్లోకి దించి సారాంశం కూడా రాసిచ్చే ఏఐ యాప్‌లు వచ్చాయి. ఉచితంగా దొరికింది కదా అని క్లయింటు గొంతును అందులోకి ఎక్కించకండి. అది ఎవరి సర్వర్లో ఉంటుందో, దేనికి వాడుకుంటారో మీకు తెలియనప్పుడు క్లయింటు రహస్యాన్ని మీరే ముక్కూముఖం తెలియని మూడో మనిషికి అప్పగించినట్టు.

రాసింది అక్కడికక్కడే చదివి వినిపించండి, ముఖ్యంగా చదువు రానివాళ్ళకు. "ఇంతేనా అయ్యా, ఏమన్నా వదిలేశానా?" అని అడిగి చూడండి, పదిసార్లలో ఎన్నిసార్లు "అన్నట్టు ఒక్క సంగతి మర్చిపోయా" అంటారో మీకే తెలుస్తుంది. అసలు సంగతి చాలాసార్లు అదే అయి ఉంటుంది.

ప్రశ్న: సార్, మా ఇంటి స్థలం కేసుకు ప్లీడరు గారికి ఇప్పటిదాకా దఫదఫాలుగా నలభై వేల దాకా ఇచ్చాను. కొంత ఫీజన్నారు, కొంత కోర్టు ఖర్చులన్నారు. దేనికెంత అయిందో చెప్పమంటే "నా మీద నమ్మకం లేదా అమ్మా" అని కోప్పడ్డారు. లెక్క అడగడం తప్పా? కన్స్యూమర్ కోర్టుకు వెళ్ళవచ్చా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: తప్పు కాదమ్మా, అది మీ హక్కు. నమ్మకానికీ లెక్కకూ పోటీ లేదు, లెక్క ఉన్నచోటే నమ్మకం నిలుస్తుంది.

బార్ కౌన్సిల్ నియమాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. క్లయింటు డబ్బుకు న్యాయవాది లెక్క రాయాలి. ఎంత వచ్చింది, క్లయింటు కోసం ఎంత ఖర్చయింది, ఫీజు కింద ఎంత పట్టుకున్నారు, ఏయే తేదీల్లో, ఇవన్నీ అందులో కనిపించాలి. వచ్చిన ప్రతి మొత్తం దగ్గర ఇది ఫీజా, ఖర్చులకా అని రాయాలి. ఖర్చుల కోసం ఇచ్చిన దాన్ని కేసు నడుస్తుండగా ఫీజులోకి మళ్ళించాలంటే మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీ తరఫున ఎక్కడి నుంచైనా డబ్బు వస్తే, ఉదాహరణకు కోర్టులో డిపాజిట్ అయిన సొమ్ము, ఆ సంగతి వీలైనంత తొందరగా మీకు తెలియజేయాలి. నకలు ఖర్చు పెట్టుకుంటే లెక్క కాపీ మీకు ఇవ్వాలి కూడా. ఇవి న్యాయవాది మంచితనం మీద ఆధారపడ్డవి కావు, కోటు వేసుకున్న ప్రతి ఒక్కరి మీదా ఉన్న విధులు.

కన్స్యూమర్ కోర్టుకు వెళ్ళలేరు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పు చెప్పింది. మరి దారి ఏమిటంటే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, మీకైతే హైదరాబాద్‌లో ఉన్న తెలంగాణ బార్ కౌన్సిల్. దుష్ప్రవర్తన రుజువైతే మందలింపు నుంచి కొంతకాలం సస్పెన్షన్, చివరికి పేరు తీసేయడం దాకా వెళ్ళవచ్చు.

కానీ తొందరపడి అక్కడికి పరుగెత్తకండి. ముందు ఒక ఉత్తరం రాయండి, మర్యాదగా, స్పీడ్ పోస్టులో, "ఈ కేసులో ఇప్పటివరకు నేనిచ్చిన మొత్తాల లెక్క కాపీ ఇప్పించండి, నకలు ఖర్చు ఇస్తాను" అని. చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఎందుకంటే ఎక్కువమంది ప్లీడర్లు డబ్బు తినేసేవాళ్ళు కాదమ్మా, రాసుకోనివాళ్ళు. రాయకపోవడం వల్ల నిజాయితీపరుడు కూడా దొంగలా నిలబడాల్సి వస్తుంది. స్టాంపులకు ఎంత, నకళ్ళకు ఎంత, కమిషనర్ ఫీజుకు ఎంత అన్నది ఆయనకే గుర్తుండదు, గుర్తులేదని ఒప్పుకోలేక కోపం వస్తుంది. దానివల్ల పడే ఇబ్బంది మాత్రం మీది, ఆ సంగతి నా తోటి న్యాయవాదులు ఆలోచించాలి.

మీరు కూడా ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన, ఎంత, నోట్లా ఫోన్‌పేనా, ఎవరి చేతికి, దేనికని చెప్పారు, అంతే. గుమాస్తా చేతికిస్తే అదీ రాయండి. పాత చెల్లింపులవి ఫోన్లో ఉన్నవన్నీ వెతికి ఇప్పుడే ఎక్కించండి.

ప్రశ్న: నమస్తే అండీ. గుంటూరు దగ్గర మా నాన్నగారి పొలం పంపకం దావా నడుస్తోంది. నేనూ మా అన్నయ్యా వాదులం, నా తరఫున అన్నయ్య పేరున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంది. రాజీ విషయంలో నాకో అభిప్రాయం ఉంది, అన్నయ్య ఇంకోటి చెబుతున్నాడు. లాయరు గారికి ఫోన్ చేసి చెబితే ప్రతిసారీ "అమ్మా, ఇదే మాట వాట్సాప్‌లో రాసి పంపండి" అంటున్నారు, తర్వాత ఆయనే మా సంభాషణ సారాంశం రాసి పంపి "సరేనా?" అని అడుగుతున్నారు. నన్ను నమ్మడం లేదేమో అనిపించి చాలా బాధగా ఉంది.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అమ్మా, బాధపడకండి. ఆయన చేస్తున్నది మీ కోసమే. ఇంత దూరంలో ఉన్న మీకు అలాంటి లాయరు దొరకడం నిశ్చింత.

ఆయన పరిస్థితిలో ఉండి చూడండి. ఆయనకు ఇద్దరు క్లయింట్లు, అందులో ఒకరికి ఇంకొకరు ఏజెంటు కూడా. జీపీఏ ఉంది కాబట్టి మీ అన్నయ్య చెప్పిందే మీరు చెప్పినట్టు తీసుకుని రాజీ కాగితం మీద సంతకాలు పెట్టించేస్తే కాగితం మీద తప్పు పట్టడం కష్టం. కానీ మీ మనసులో మాట వేరని ఆయనకు ఫోన్లో తెలిసింది. తెలిశాక ఊరుకోవడం ధర్మం కాదు. న్యాయవాది క్లయింటుకు ఏజెంటు లాంటివాడనీ, క్లయింటు హక్కులను వదులుకునే మాట కోర్టులో చెప్పాలంటే దానికి స్పష్టమైన సూచనలు ఉండాలనీ సుప్రీంకోర్టు 2015లో ఒక హౌసింగ్ సొసైటీ కేసులో చెప్పింది. రాజీ లోక్ అదాలత్‌లో అయితే మరీ జాగ్రత్త, ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రేపు మీరు "నేను ఒప్పుకోలేదు" అన్నా, మీ అన్నయ్య "చెల్లెలే ఒప్పుకుంది" అన్నా, ఆ రోజు ఎవరు ఏమన్నారో చెప్పగలిగేది ఆ సారాంశమే.

అది ఊరికే ఋజువు కోసమే కూడా కాదు. ఫోన్లో మనం అన్నదొకటి, అవతలివాళ్ళకు వినబడేదొకటి. "రోడ్డు పక్క ముక్క నాకు రావాలి" అన్నారనుకోండి, రోడ్డు పక్క ముక్క వస్తే తప్ప రాజీ వద్దనా, వస్తే బాగుంటుందనా? ఆయన రాసి పంపినప్పుడు మీకే తేడా కనిపిస్తుంది. కనిపిస్తే వెంటనే దిద్ది పంపండి, మొహమాటపడకండి. "సరే" అని ఒక్క ముక్క కొట్టే ముందు నిదానంగా చదవండి.

ఇంకొక మాట, ఇది కొంచెం చేదుగా ఉండవచ్చు. మీకూ మీ అన్నయ్యకూ మధ్య తేడా ఇలాగే పెరిగితే ఒకే లాయరు ఇద్దరి తరఫునా నడపలేరు. ఆ సంగతి ఆయనే మీతో చెప్పాలి, బహుశా చెబుతారు కూడా. ఆ రోజున మీరు వేరే న్యాయవాదిని పెట్టుకోండి, అది అన్నయ్యతో తెగతెంపులు చేసుకున్నట్టు కాదు. జీపీఏలో రాజీ చేసుకునే అధికారం ఇచ్చారో లేదో కూడా ఇప్పుడే తీసి చదవండి, వద్దనుకుంటే ఆ మేరకు మార్చుకోవచ్చు. అక్కడ సంతకం పెట్టి ఇక్కడికి పంపిన కాగితానికి, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలన్నది మరచిపోకండి.

ప్రశ్న: గురువుగారూ, నేను ఎక్కువగా క్రిమినల్ కేసులు చూస్తాను. క్లయింటు చెప్పింది కాగితం మీద పెడితే రేపు పోలీసులు వచ్చి అడిగితే? అసలు రాయకపోవడమే క్లయింటుకు క్షేమం కదా అని నా అభిప్రాయం. ఇంకో సంగతి, ఒక క్లయింటు పాత తేదీతో అద్దె అగ్రిమెంటు తయారుచేయించి తెస్తానంటున్నాడు. ఏం చేయాలి?
– న్యాయవాది, విజయవాడ

జవాబు: భయం అర్థమైంది, కానీ దానికి మందు రాయకపోవడం కాదు.

క్లయింటు తన పని మీద మనతో చెప్పిన మాట ఆయన అనుమతి లేకుండా బయటపెట్టకూడదన్నది పాత సాక్ష్యాధార చట్టంలో 126వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్. మన గుమాస్తాలకూ, దుబాసీలకూ ఇదే వర్తిస్తుంది. కేసు ముగిసినా, క్లయింటు మనల్ని వదిలి వెళ్ళిపోయినా ఈ విధి పోదు. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్ళి, కేసు వివరాలు కనుక్కోవడానికి దర్యాప్తు అధికారి న్యాయవాదికి సమన్లు ఇవ్వకూడదనీ, 132లోని మినహాయింపు కిందికి వచ్చే సందర్భమైతేనే, అదీ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఇవ్వాలనీ చెప్పింది. న్యాయవాది ఫోన్, ల్యాప్‌టాప్ లాంటివి అడగాలన్నా అవి కోర్టు ముందు పెట్టాలి తప్ప పోలీసు స్టేషన్లో కాదు. అయితే ఈ రక్షణ మనకూ క్లయింటుకూ మధ్య నడిచిన మాటకు. క్లయింటు మన దగ్గర దాచిపెట్టిన ప్రతి కాగితానికీ ఇది గొడుగు పట్టదు, ఆ తేడా మరవకండి.

మినహాయింపులు రెండు. చట్టవిరుద్ధమైన పని సాగించడానికి చెప్పిన మాటకు రక్షణ లేదు. మనం కేసు తీసుకున్న తర్వాత నేరమో మోసమో జరిగినట్టు మన కంటపడితే దానికీ లేదు. మీ రెండో ప్రశ్న సరిగ్గా ఇక్కడికే వస్తుంది. పాత తేదీతో అగ్రిమెంటు అంటే దొంగ కాగితం. వద్దని చెప్పడం మీ విధి, క్లయింటు అడ్డదారి తొక్కకుండా ఆపడానికి గట్టిగా ప్రయత్నించాలనీ, వినకపోతే ఆ క్లయింటు తరఫున నిలబడకూడదనీ నియమాల్లోనే ఉంది. చెప్పిన రోజే రాయండి: ఫలానా తేదీన ఇలా అన్నారు, అది నేరమనీ, నేను దాఖలు చేయననీ చెప్పాను, పట్టుబడితే అసలు కేసు కూడా పోతుందని వివరించాను, ఆయన జవాబు ఇది. మళ్ళీ అదే కాగితం పట్టుకొస్తే వకాల్తా వదులుకోండి. వదిలేటప్పుడు కోర్టులో కారణం ఏకరువు పెట్టకండి, "ఇక ఈ కేసులో కొనసాగలేను" అన్నంతవరకే. క్లయింటుకు నోటీసిచ్చి, కాగితాలు, మిగిలిన ఫీజు అప్పగించి రసీదు తీసుకోండి.

నోట్సు ఎక్కడ ఉంచాలన్నది మాత్రం మీరు ఆలోచించాల్సిందే. కేసు కట్టలో ప్లెయింటు, కౌంటర్ల మధ్య పెట్టకండి. ఆ కట్ట కోర్టు హాల్లో బల్ల మీద పడి ఉంటుంది, జూనియర్లు తిప్పుతారు, జిరాక్సు షాపుకు వెళ్తుంది. వేరే కవరు, బీరువాలో. కంప్యూటర్లో అయితే పాస్‌వర్డు మీకూ, తప్పనిసరైతే ఒక్క జూనియర్‌కూ. బార్ అసోసియేషన్ హాల్లో, క్యాంటీన్లో కూర్చుని రాయకండి. క్లయింటు గురించి మన కోపాలు, ఎగతాళి మాటలు అందులో ఎక్కించకండి, అవి ఏ విధికీ పనికిరావు.

రాయడం వల్ల రేపు మీకే అవసరం పడే సందర్భం కూడా ఒకటుంది. క్లయింటే మీ మీద బార్ కౌన్సిల్‌కు వెళ్ళి మీరు సాక్ష్యం చెప్పాల్సి వస్తే, సంఘటన జరిగినప్పుడో, జ్ఞాపకం తాజాగా ఉండగానే వెంటనే తర్వాతో రాసుకున్న కాగితం చూసి జ్ఞాపకం తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, అది సాక్ష్య అధినియమ్‌లోనే 162వ సెక్షన్. కాకపోతే ఎదుటి పక్షం ఆ కాగితం చూపమనవచ్చు, దాని మీద మిమ్మల్ని క్రాస్ చేయవచ్చు. అందుకే తర్వాత దిద్దకండి. కొత్త సంగతి తెలిస్తే కొత్త తేదీ వేసి కింద రాయండి, పాత గీత చెరపకండి. ఫిర్యాదు వచ్చాక కూర్చుని ఒక్క పెన్నుతో ఏడాది నోట్సు రాసేస్తే దాన్ని చూడగానే పసిగట్టేస్తారు.

ప్రశ్న: మా పాత లాయరు గారికి కొంత ఫీజు బాకీ ఉంది, కానీ ఆ లెక్క మీద మాకు తేడా ఉంది. అది కట్టే దాకా కేసు ఫైలు ఇవ్వనంటున్నారు. కొత్త లాయరు ఏమీ చేయలేకపోతున్నారు.
– ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: ఫీజు బాకీ ఉన్నా ఫైలు ఆపడానికి వీల్లేదు. 2000లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకు ఫైళ్ళను ఫీజు కోసం పట్టుకుని కూర్చున్న న్యాయవాది చేసింది వృత్తిపరమైన దుష్ప్రవర్తనే అని చెప్పి మందలించింది. ఫీజు రావాల్సి ఉంటే ఆయన దానికి వేరే దావా వేసుకోవచ్చు, ఆ హక్కు ఆయనకు ఉంది. మీరు ఏయే కాగితాలు ఎప్పుడు ఇచ్చారో జాబితా రాసి, తిరిగి ఇప్పించమని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఈలోగా కొత్త లాయరు గారిని కోర్టు నుంచి నకళ్ళకు దరఖాస్తు పెట్టమనండి, వాయిదా ఆగదు కదా. ఇకముందు అసలు దస్తావేజు ఏది ఇచ్చినా, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. అడగడానికి సిగ్గుపడకండి.

ప్రశ్న: అయ్యా, నేను ముప్పై ఏళ్ళుగా ప్లీడరు గుమాస్తాను. డైరీలో వాయిదా తేదీ, దేనికి వాయిదా, ఈ రెండూ ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు చిన్న సారు వచ్చి, డైరీ ఒక్కటే చాలదు, ప్రతి వాయిదాకూ ఇంకో పుస్తకంలో నోట్సు రాయమంటున్నారు. సెల్‌లో ఈ-కోర్ట్స్ యాప్‌ పెడితే తేదీలన్నీ వచ్చేస్తున్నాయి, మళ్ళీ ఈ రాతలెందుకు? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక గుమాస్తా, నంద్యాల

జవాబు: ముప్పై ఏళ్ళు డైరీ తప్పకుండా రాశారంటే మీ ఆఫీసును నిలబెట్టింది మీరేనండీ. యాప్‌లో కేసుకు ఇచ్చిన సీఎన్‌ఆర్ నంబరు కొడితే వాయిదా తెలుస్తుంది, నిజమే. కానీ ఆ రోజు ఎందుకు వాయిదా పడిందో, మన సాక్షి రాలేదా, అవతలి వకీలు టైమ్ అడిగారా, జడ్జి గారు ఇదే ఆఖరి అవకాశం అన్నారా, ఇవి యాప్‌లో పూర్తిగా దొరకవు. అన్నిటికన్నా ముఖ్యమైనది అసలే దొరకదు: ఆ సంగతి క్లయింటుకు ఎవరు, ఎప్పుడు చెప్పారు?

దీని బరువు తెలియాలంటే 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక తమిళనాడు కేసు చెబుతాను. ఒక ముసలాయన, చెవి వినబడదు, రెండు ప్రామిసరీ నోట్లు, 15,000 ఒకటి, 5,000 ఒకటి, వసూలుకు ప్లీడరు చేతిలో పెట్టాడు. ప్లీడరు దావాలు వేయలేదు. వేశానని చెప్పాడు, వాయిదా తేదీలు కూడా చెబుతూ పోయాడు. వినబడని మనిషి, ఎవరినీ అడగలేడు, ఆ తేదీలు నమ్ముకుని తిరిగాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పు రాశారు, ప్లీడరుకు శిక్ష తప్పలేదు. మీ ఆఫీసులో అలాంటిది జరగదని నాకు తెలుసు. కానీ కక్షిదారు ఎంత నిస్సహాయంగా మన మాట మీద ఆధారపడి ఉంటాడో చూడండి. ఆయన కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుంటాడు, ఇంగ్లీషులో ఏదో నడుస్తుంది, బయటికి వచ్చి మీ మొహం చూస్తాడు. వాయిదా సంగతి ఆయనకు చెప్పేది ఎక్కువగా మీరే. అందుకే చిన్న సారు ఆ పని మీ చేతిలో పెట్టారు.

పెద్ద వ్యాసం రాయక్కర్లేదు. ఇలా చాలు: "18.8, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. జవాబు దావాకు ఆఖరి అవకాశం, 8.9కి వాయిదా. మధ్యాహ్నం 1.15కు క్లయింటు కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను, తండ్రికి చెబుతానన్నాడు. పన్ను రసీదులు, పాస్‌బుక్ జిరాక్సు 25వ తేదీ లోపల తెమ్మన్నాను." ఫోన్ ఎత్తకపోతే ఎత్తలేదని రాయండి, సాయంత్రం మళ్ళీ చేసి అది రాయండి, రెండు రోజులైనా దొరక్కపోతే కార్డు ముక్క రాసి పోస్టు చేసి, అదీ రాసి చిన్న సారుకు చూపించండి. కొడుక్కి చెబితే కొడుక్కని రాయండి, తండ్రికి చెప్పినట్టు రాయకండి, ఎందుకంటే మన క్లయింటు తండ్రి. కోర్టు నుంచి ఆఫీసుకు వచ్చాక కాదు, హాలు బయట మెట్ల దగ్గరే రాసేయండి, సాయంత్రానికి ఇరవై కేసులు కలిసిపోతాయి. చిన్న సారును కూడా ఒకటి అడగండి, వారానికోసారి ఆ పుస్తకం ఆయన కూర్చుని చదివి కింద సంతకం పెట్టాలని. ఆయన చదవకపోతే మీరు రాసి ఉపయోగం లేదు, వాయిదాకు క్లయింటు రాలేదంటే బార్ కౌన్సిల్‌కు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.